బరోసా వ్యాలీ తొలి రైతుల గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటున్నాం. ఇక్కడికి దాదాపు గంట ప్రయాణంలో ఉన్న, వైన్‌కు పేరున్న బరోసా వ్యాలీలో స్థిరపడిన తొలి జర్మన్ రైతుల చరిత్ర తెలుసుకోవడానికి సాయం కావాలి. వైనరీ టూర్లలో ఎక్కువగా వినిపించేది పెద్ద కుటుంబాల కథే. 1847లో యోహాన్ గ్రాంప్ జేకబ్స్ క్రీక్ అనే వాగు ఒడ్డున ద్రాక్ష తీగలు నాటాడు, 1851లో సెప్పెల్ట్ వాళ్ళు మొదలుపెట్టారు, ఇలా. నాకు కావాల్సింది మామూలు రైతు సంగతి.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు తన చర్చి విధానాన్ని బలవంతంగా రుద్దడంతో, అక్కడి సైలీషియా ప్రాంతం వైపు లూథరన్లు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) 1838 నుంచి ఇక్కడికి ఓడలెక్కారు. జార్జ్ ఫైఫ్ ఆంగస్ అనే ఇంగ్లీషు వ్యాపారి ప్రయాణానికి అప్పిచ్చాడు. 1842లో బరోసాలో బెథనీ ఊరు వెలిసింది. ఇళ్ళు వీధి వెంట వరసగా, వెనక సన్నగా పొడుగ్గా పొలాలు. అచ్చం తమ సొంతూళ్ళ పద్ధతే. వాళ్ళు వచ్చింది మతస్వేచ్ఛ కోసం, ద్రాక్ష కోసం కాదు. మరి గోధుమ వేసుకునే చిన్న రైతు ద్రాక్షకు ఎప్పుడు, ఎందుకు మళ్ళాడు? ఆంగస్ అప్పు ఎలా తీర్చారు? ఆడవాళ్ళు రాసిన ఉత్తరాలేమైనా ఇంగ్లీషులోకి వచ్చాయా?

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ ఊళ్ళ పేర్లు చాలా మార్చేశారు. దాంతో పాత రికార్డుల్లో వెతకడం నిజంగా టెన్షన్‌గా ఉంది. పాత, కొత్త పేర్లు పక్కపక్కన ఉన్న మ్యాప్ ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ నేల అంతకుముందు పెరమంక్, న్గజూరి, కౌర్నా అనే ఆదివాసీ ప్రజలది. వాళ్ళ వైపు నుంచి ఈ చరిత్ర చెప్పేవాళ్ళు తెలిస్తే దయచేసి చెప్పండి.