అరటి తొక్క తాగితే మత్తెక్కుతుందా?

ప్రశ్న: 1967లో అమెరికా హిప్పీలు అరటి తొక్క లోపలి వైపు గీకి, ఎండబెట్టి, సిగరెట్‌లా చుట్టి తాగేవాళ్లట. అందులో నిజంగా మత్తుందా, లేక మొత్తం పుకారేనా?

జవాబు: మత్తేం లేదండీ, వట్టి పుకారు. ఆ ఏడాది మార్చిలో బర్క్‌లీ బార్బ్ అనే పత్రిక తయారీ విధానం అచ్చేసింది, అక్కణ్ణుంచి దేశమంతా పాకిపోయింది, ఈస్టర్ నాడు న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కలిసిన కుర్రకారు పెద్ద అరటిపండు బొమ్మను కూడా మోసుకొచ్చారు. చివరికి ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు మెషీన్‌తో ఆ పొగ పట్టి పరీక్షించి, భ్రమలు కలిగించే పదార్థమేదీ దొరకలేదని తేల్చారు.

జవాబు: మరి కొందరికి ఎక్కిందంటే, ఎక్కుతుందని గట్టిగా నమ్మి కూర్చుంటే, పక్కవాళ్లూ ఊగుతుంటే అలాగే అనిపిస్తుంది. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి. 1966 అక్టోబర్‌లో కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డీ అనే, భ్రమలు కలిగించే మత్తుమందుని నిషేధించింది. అరటిపండుని ఏ ప్రభుత్వం నిషేధిస్తుంది? ఆ కుర్రాళ్లకి ఈ కథ అంత నచ్చింది అందుకే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఎఫ్‌డీఏ చెప్పాకైనా ఆగిందా?

జవాబు: ఎక్కడ ఆగింది! 1971లో వచ్చిన ఒక పుస్తకం కూడా దీన్ని నిజమన్నట్టే అచ్చేసింది.