రేషన్ కార్డులో బాబు పేరు లేదు, గుండె ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వస్తదా?

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా చెల్లె కొడుకుకు నాలుగేళ్లు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందట. అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) డాక్టరమ్మ పట్టుకునేదాకా మాకెవరికీ తెలియదు. నాలుగడుగులు ఉరికితే చాలు, పెదవులు నేరేడు పండు రంగుకు తిరుగుతయి, ఉన్నచోటనే గొంతుక్కూర్చుంటడు. ఆ కూర్చోవడం చూస్తే నాకు కాళ్లు చేతులు ఆడవు.

బావ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. వాళ్లకు రేషన్ కార్డు ఉంది, కానీ అది బాబు పుట్టకముందుది. పేరు ఎక్కించమని మీసేవలో రెండుసార్లు దరఖాస్తు పెట్టినం, ఇంకా ఎక్కలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు చూసి, పిల్లగాని పేరు లేదు కదా, డబ్బు కట్టాల్సిందే అన్నరు. ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. అంత ఉండి, ఒక్క పేరు కోసం పసివాడు ఆగాలా?

ఇట్లాంటి పరిస్థితి దాటిన వాళ్లుంటే చెప్పండి. జనన ధ్రువపత్రం, తల్లి కార్డు కలిపి చూపిస్తే అనుమతి వచ్చిందా? ఆర్‌బీఎస్‌కే చీటీ మీదనే ఆపరేషన్ ఎవరికైనా అయిందా? హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో చేయిస్తే సీఎం సహాయనిధి ఎల్‌ఓసీకి (ఖర్చు సర్కారు కడతదని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) ఎమ్మెల్యే ఉత్తరంతో పాటు ఏ కాగితాలు అడిగిన్రు, ఎన్ని రోజులు పట్టింది? పేరు తొందరగా ఎక్కాలంటే తహసీల్దారును కలవాలా, పౌరసరఫరాల ఆఫీసుకు పోవాలా?

సోమవారం చెల్లెను తీసుకుని హనుమకొండ పోతున్న. ఆలోపు చెప్తే ఆ కాగితాలు పట్టుకునే పోతం.