మట్, ఎంబీసింక్, ఎంఎస్‌ఎంటీపీ సెటప్ గైడ్ అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా పాతబడుతోంది

ప్రశ్న:

టెర్మినల్‌లోనే మెయిల్ చూసుకునేవాళ్ల కోసం టీమ్‌లో ఒక గైడ్ రాసి గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనం) పెట్టాం. మెయిల్ దించుకోడానికి ఎంబీసింక్, చదవడానికి మట్, పంపడానికి ఎంఎస్‌ఎంటీపీ. మెషీన్లలో డెబియన్ లినక్స్ 11, 12, 13 మూడూ ఉన్నాయి. గైడ్‌లోని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) పేస్ట్ చేస్తే ఒక మెషీన్‌లో చక్కగా నడుస్తుంది. ఇంకోదాంట్లో ఎంబీసింక్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌టైప్ బదులు టీఎల్‌ఎస్‌టైప్ (కనెక్షన్‌ని గుప్తీకరించే పద్ధతి చెప్పే సెట్టింగ్) వాడమని నోటీసు వస్తుంది. మరోదాంట్లో మట్ ‘అన్‌నోన్ వేరియబుల్’ అంటుంది. మట్ వేరియబుల్స్ (సెట్టింగులు) 60 దాకా డిఫాల్ట్‌లతో (మనం ఏమీ పెట్టకపోతే ఉండే విలువలు) సహా టేబుల్‌గా రాశాం, అందులో ఇప్పటికీ నిజమైనవి ఏవో తెలీదు. ఎవరికో గుర్తొచ్చినప్పుడు సరిచేయడం కాకుండా, తప్పు దానంతటదే బయటపడాలంటే ఏం చేయాలి?

జవాబు 1:

ముందు ఆ టేబుల్ తీసేయండి. డిఫాల్ట్‌లను చేత్తో కాపీ చేసిన రోజు నుంచే అవి పాతబడటం మొదలవుతుంది. మట్ వాళ్లే ఆ పని చేయరు. సోర్స్‌లో ఇనిట్ డాట్ హెచ్ ఫైల్ తెరిచి చూడండి: ఒక్కో వేరియబుల్‌కి పేరు, రకం, డిఫాల్ట్ విలువ ఉన్న వరుస, దాని కిందే రెండేసి నక్షత్రాలతో మొదలయ్యే కామెంట్‌లో వివరణ. మేక్‌డాక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ ఫైల్ చదివి మట్‌ఆర్‌సీ (మట్ కాన్ఫిగ్ ఫైల్) మ్యాన్ పేజీనీ (టెర్మినల్‌లో చదివే సహాయ పేజీ), మాన్యువల్‌లోని వేరియబుల్స్ జాబితానీ తయారుచేస్తుంది. డిఫాల్ట్‌ని కోడ్ వరుస నుంచే తీసుకుంటుంది కాబట్టి రెండిటికీ తేడా రాదు. మాన్యువల్‌లో మొదటి అధ్యాయాలు మాత్రం చేత్తో రాసినవే, వాటికి ఈ రక్షణ లేదు. మీ గైడ్ మొత్తం ఇప్పుడు అలాంటి అధ్యాయమే.

గైడ్‌లో ఉండాల్సింది ‘మనం ఈ విలువ ఎందుకు పెట్టాం’ అన్న ఒక్క మాట. మిగతాది ఆ మెషీన్‌లోని మ్యాన్ పేజీ చెబుతుంది. 2020 నవంబర్‌లో వచ్చిన మట్ 2.0లో ఎస్‌ఎస్‌ఎల్_ఫోర్స్_టీఎల్‌ఎస్ (టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణ తప్పనిసరి చేసే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆన్ అయింది. గైడ్‌లో ‘డిఫాల్ట్ ఆఫ్’ అని రాసి ఉంటే, లోకల్‌హోస్ట్‌లో టీఎల్‌ఎస్ లేకుండా 143 పోర్ట్‌లో నడిచే సర్వర్‌కి మట్ ఎందుకు కనెక్ట్ కావట్లేదో చదివినవాళ్లకి అర్థం కాదు.

జవాబు 2:

దానికి తోడు, గైడ్‌లోని ప్రతి కాన్ఫిగ్ ముక్కనీ విడి ఫైల్‌గా పెట్టి, గైడ్‌లోకి అక్కడి నుంచే చేర్చండి. అప్పుడు మూడు డెబియన్ కంటైనర్లలో (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే చిన్న సిస్టమ్‌లు) ఆ ఫైళ్లనే నడిపి చూడొచ్చు.

మట్‌కి ఇవ్వాల్సిన ఆప్షన్లు: చిన్న ఎన్ (సిస్టమ్ కాన్ఫిగ్ వద్దు), పెద్ద ఎఫ్ తర్వాత మీ ఫైల్, పెద్ద డి (అన్ని విలువలూ చూపించు). అవుట్‌పుట్ పారేసి ఎర్రర్ స్ట్రీమ్ మాత్రం ఉంచుకోండి. అందులో ఒక్క లైన్ వచ్చినా ఫెయిల్ అనుకోండి, ఎగ్జిట్ కోడ్ మీద ఆధారపడొద్దు. పెద్ద ఎఫ్‌కి డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) ఇస్తే అచ్చంగా డిఫాల్ట్‌లే వస్తాయి. ఆ అవుట్‌పుట్‌ని గిట్‌లో ఉంచి, ప్యాకేజ్ మారినప్పుడు డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) తీస్తే ఏ డిఫాల్ట్ కదిలిందో నిమిషంలో తెలుస్తుంది.

మీ ‘అన్‌నోన్ వేరియబుల్’ వెర్షన్ వల్లే రావాలని లేదు. గుప్తీకరణకి మట్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేదా గ్నూటీఎల్‌ఎస్ అనే లైబ్రరీ వాడుతుంది. ఎస్‌ఎస్‌ఎల్_యూజ్‌సిస్టమ్‌సర్ట్స్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కట్టిన మట్‌లోనే ఉంటుంది. ఎస్‌ఎస్‌ఎల్_సీఏ_సర్టిఫికెట్స్_ఫైల్ గ్నూటీఎల్‌ఎస్‌తో కట్టినదాంట్లోనే. డెబియన్ వాడేది గ్నూటీఎల్‌ఎస్. సోర్స్ నుంచి సొంతంగా కట్టుకున్న మెషీన్ ఉందేమో చిన్న వి ఆప్షన్‌తో చూడండి.

ఎంఎస్‌ఎంటీపీకి ప్రిటెండ్ ఆప్షన్ ఉంది, సెట్టింగులు చూపించి ఆగిపోతుంది. కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్ లైన్ ఉండి ఫైల్‌ని ఇతరులు చదవగలిగితే అది ఒప్పుకోదు. గిట్ నుంచి తీసిన ఫైల్ మామూలుగా 644 (అందరూ చదవగలిగే) అనుమతితో వస్తుంది, కాబట్టి ఉదాహరణలో పాస్‌వర్డ్‌ఈవాల్ (పాస్‌వర్డ్‌ని ఒక కమాండ్ నుంచి తెచ్చుకునే సెట్టింగ్) వాడటమే మంచిది.

జవాబు 3:

పై పరీక్షలన్నీ పాసయినా గైడ్ తప్పయ్యే చోటు ఒకటుంది: మెయిల్ ఇచ్చే కంపెనీల లాగిన్ పద్ధతి. గూగుల్ 2022 మే 30న వ్యక్తిగత ఖాతాలకు మామూలు పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్ (సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతి) లాగిన్ ఆపేసింది. ఇప్పుడు టూ స్టెప్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, లేదా ఓఆత్ (పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్) వాడాలి. ఆ పాస్‌వర్డ్ తెరమీద నాలుగేసి అక్షరాలుగా కనిపిస్తుంది, ఖాళీలు లేకుండా కలిపి రాయమని గైడ్‌లో చెప్పండి. మైక్రోసాఫ్ట్ కూడా 2022 అక్టోబర్ 1 నుంచి ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో ఐమ్యాప్, పాప్‌లకు (మెయిల్ దించుకునే ఇంకో పద్ధతి) బేసిక్ ఆథెంటికేషన్ (ఉత్త పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్) తీసేయడం మొదలుపెట్టింది.

వీటిని వేరే ఫైల్‌లో పెట్టి, ఒక్కో కంపెనీ కింద చివరిసారి నిజంగా లాగిన్ చేసి చూసిన తేదీ, మట్ వెర్షన్ రాయండి. ‘చివరిసారి సవరించిన తేదీ’ వద్దు. స్పెల్లింగ్ దిద్దినా అది మారిపోతుంది.

అడిగినవారు:

చాలా ఉపయోగపడిందండి. ఎంబీసింక్‌కి మూడు డెబియన్లకీ ఒకటే కాన్ఫిగ్ కుదురుతుందా? ఇంకోటి, గైడ్‌ని మ్యాన్ పేజీగా కూడా ఇస్తున్నాం. అందులోంచి కాపీ చేసిన కమాండ్ కొన్ని మెషీన్లలో నడవట్లేదు, చూడ్డానికి అక్షరం తేడా లేదు.

జవాబు 2:

నోటీసులు రాకుండా కుదరదండి. డెబియన్ 11లోని ఎంబీసింక్ 1.3కి మాస్టర్, స్లేవ్ (కలిపే రెండు మెయిల్ నిల్వలకి పేర్లు) మాత్రమే తెలుసు. 1.4లో అవి ఫార్, నియర్ అయ్యాయి. 1.5లో ఎస్‌ఎస్‌ఎల్‌టైప్ కాస్తా టీఎల్‌ఎస్‌టైప్ అయింది, దాన్ని 1.4 గుర్తుపట్టదు. మూడు ముక్కలు పెట్టి, శీర్షికల్లో ‘పాత’, ‘కొత్త’ అనకుండా వెర్షన్ నంబర్ రాయండి. నోటీసులు సర్వర్‌కి కనెక్ట్ కాకముందే వస్తాయి కనుక పరీక్షకి నిజమైన ఖాతా అక్కర్లేదు. మెయిల్ ఫోల్డర్ పాత్ ఎప్పుడూ టిల్డాతో (హోమ్ ఫోల్డర్‌కి గుర్తు) పూర్తిగా రాయండి. 1.5 నుంచి సగం పాత్‌ని కాన్ఫిగ్ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కేస్తుంది. కాన్ఫిగ్‌ని డాట్ కాన్ఫిగ్ లోపలికి మార్చినవాళ్ల మెయిల్ కూడా అక్కడే దిగుతుంది.

మ్యాన్ పేజీ సంగతి: ఆప్షన్ ముందున్న గీత అది. సోర్స్‌లో ఉత్త గీత పెడితే అది మైనస్ కాదు, పదాలను కలిపే హైఫన్. మ్యాన్ పేజీలను తెరమీద చూపించే గ్రాఫ్ (groff) ప్రోగ్రామ్‌లో 2023లో వచ్చిన 1.23 దాన్ని యూనికోడ్ హైఫన్‌గానే చూపిస్తుంది, షెల్ (కమాండ్లు నడిపేది) నుంచి నడిపిన ప్రోగ్రామ్‌కి అది ఆప్షన్‌లా కనిపించదు. డెబియన్‌లో దీన్ని సర్దుబాటు చేశారు, కాబట్టి తేడా వచ్చేది ఆ సర్దుబాటు లేని మెషీన్లలోనే. ప్రతి ఆప్షన్ గీత ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టండి. మాన్‌డాక్ లింట్ (మ్యాన్ పేజీల తప్పులు వెతికే పరీక్ష) మిగతా చాలా తప్పులు పడుతుంది కానీ దీనికి మాత్రం కాపీ చేసి షెల్‌లో పేస్ట్ చేసి చూడాల్సిందే.