లారీ యాక్సిడెంట్‌లో అన్నయ్య కాలు పోయింది, ఓనరు స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమంటున్నాడు

ఒంగోలు_తమ్ముడు

అందరికీ నమస్తే. మా అన్నయ్యకి 40 ఏళ్ళు, పద్దెనిమిదేళ్ళ నించి లారీ మీదే. పోయిన ఆగస్టు 19 రాత్రి గుంటూరు నించి నాగపూర్‌కి మిర్చి లోడు వేసుకుని వెళ్తుంటే హింగణ్‌ఘాట్ దాటాక రోడ్డు మీదే ఆపేసిన కంటైనర్‌ని వెనక నించి గుద్దేశాడు. దానికి పార్కింగ్ లైట్లు లేవు, వెనక రేడియం స్టిక్కర్ కూడా లేదు అని క్లీనర్ చెప్తున్నాడు, తెల్లారాక ఫోన్లో ఫోటోలు కూడా తీశాడు. క్యాబిన్‌లో ఇరుక్కుని కుడికాలు నుజ్జయిపోయింది, మోకాలి కింద తీసేశారు.

పోలీసులు కేసు మా అన్నయ్య మీదే కట్టారు. ఎఫ్ఐఆర్ మొత్తం మరాఠీ, ఒక్క ముక్క అర్థం కాలా. ఓనరు ఆస్పత్రికి 80 వేలు కట్టాడు, కాదనను. ఇప్పుడేమో ఇంకో లక్షన్నర ఇస్తా, ఇకపై ఈ యాక్సిడెంట్‌తో నాకూ నా బండికీ సంబంధం లేదని వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసి సంతకం పెట్టమంటున్నాడు. కేసు నీ మీదే ఉంది, కోర్టుకెళ్తే అదీ రాదు అంటున్నాడు. ఇంట్లో వదిన సంతకం పెట్టేద్దాం అంటోంది, పిల్లల ఫీజులున్నాయి మరి. ఏం చెయ్యాలో చెప్పండి ప్లీజ్.

హైవే_రాజా

ఎఫ్ఐఆర్ మీ అన్న మీద ఉంటే రూపాయి రాదు బ్రో. వెనక నించి గుద్దినోడిదే తప్పు అంటారు ఎక్కడైనా. ఇచ్చింది తీసుకుని బయటపడండి, కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులరగడమే.

స్టీరింగ్_బాబాయ్

తెలియకపోతే ఊరుకోవాలి రాజా, ఇలాంటి మాటలు నమ్మే మా డ్రైవర్లు ముప్పై ఏళ్ళుగా మునిగిపోతున్నారు. తమ్ముడూ, ఆ పేపర్ మీద సంతకం పెట్టనివ్వొద్దు. నేను డ్యూటీ మానేసి ఆరేళ్ళయింది, మా ఊళ్ళో ఇలాంటి కేసులు నాలుగు దగ్గరుండి చూశా. డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలితే తప్పెవరిదీ అని అడగని చట్టం ఒకటుంది, జనం ఇప్పటికీ వర్క్‌మెన్ కేసు అంటారు. చెట్టుకి గుద్దినా, కునుకు తీసి పల్టీ కొట్టినా వస్తుంది. తాగి నడిపితే మాత్రం గొడవ. మిగతాది లాయరు గారు చెప్తారు, నాకు సెక్షన్లు రావు.

వకాల్తా_సార్

బాబాయ్ చెప్పింది కరెక్ట్. నేను ఈ కేసులే చూస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మీ ముందు రెండు తలుపులున్నాయి, కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 ప్రకారం ఒక్కదాంట్లోనే దూరాలి. రెండు చోట్లా కేసు వేసేద్దాం అనే ఏజెంట్లు ఆస్పత్రుల దగ్గర తిరుగుతుంటారు, వాళ్ళ మాట వినొద్దు.

మొదటిది 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో డిప్యూటీ కమిషనరో అసిస్టెంట్ కమిషనరో వింటారు. యాక్సిడెంట్ మహారాష్ట్రలో జరిగినా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఇక్కడ మీ అన్నయ్య తప్పు ఎంత అనే ప్రశ్నే లేదు, ఎఫ్ఐఆర్‌లో ముద్దాయి అయినా సరే. లెక్క ఇలా ఉంటుంది: జీతంలో 60 శాతం, దాన్ని వయసుకిచ్చిన ఫ్యాక్టర్‌తో గుణిస్తారు, 40 ఏళ్ళకి అది 184.17. జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 9,000 ఇంటూ 184.17, మొత్తం 16,57,530 రూపాయలు. ఇది సంపాదించే శక్తి పూర్తిగా పోయిందని ఒప్పుకుంటే వచ్చేది. ఇన్సూరెన్స్ వాళ్ళ లాయరు మాత్రం ఒక్క కాలే కదా, యాభై శాతమే అంటాడు, అలా అయితే సగానికి పడిపోద్ది. అప్పుడు కె. జనార్దన్ కేసు చూపించాలి, 2008లో సుప్రీంకోర్టు తీర్పు. అతనూ ట్యాంకర్ డ్రైవరే, కుడికాలు మోకాలి దాకా పోయింది, కమిషనర్ 100 శాతం ఇస్తే హైకోర్టు 65కి తగ్గించింది, సుప్రీంకోర్టు మళ్ళీ 100 చేసింది. కుడికాలు లేనోడు బ్రేకెలా తొక్కుతాడండీ!

రెండోది యాక్సిడెంట్ ట్రిబ్యునల్, అంటే జిల్లా కోర్టులో వేసే మోటారు యాక్సిడెంట్ పిటిషన్, ఎంవీఓపీ అంటారు. ఇక్కడ జీతానికి 15,000 గీత లేదు, నొప్పికి, కృత్రిమ కాలుకి విడివిడిగా ఇస్తారు. కానీ ఎదుటి బండి తప్పు చూపించాలి. లైట్లు లేకుండా రోడ్డు మీద బండి ఆపడం తప్పే, అయితే మీ అన్నయ్యకీ కొంత వాటా వేస్తారు. నెలకి 20,000 సంపాదన రుజువై, సంపాదించే శక్తి వంద శాతం పోయిందని ఒప్పుకుని, తప్పు సగం సగం అంటే సంపాదన నష్టం కింద 22 లక్షల చిల్లర రావచ్చు. అదే 15,000 అని, అరవై శాతమే అని, తప్పు సగం అని తేలిస్తే 10 లక్షలకి దిగిపోద్ది. నేనైతే మీ కేసులో మొదటి తలుపే చూస్తాను. ఫోటోలు ఎంత గట్టిగా ఉన్నాయో చూడకుండా మాత్రం ఖాయంగా చెప్పను.

గడువులు చూసుకోండి. లేబర్ దగ్గర రెండేళ్ళుంది. ట్రిబ్యునల్‌కి 2022 ఏప్రిల్ నించి ఆరు నెలలే, అంటే మీకు ఫిబ్రవరి మూడో వారం దాకా. ఆ ఆరు నెలల రూలు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఇంకోటి, 2025 నవంబర్ 21 నించి కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది కదా అని ఎవరైనా కంగారు పెడతారేమో, మీది అంతకు ముందు జరిగిన యాక్సిడెంట్ కాబట్టి హక్కు పాత చట్టం కిందే.

ఇక స్టాంపు పేపర్. కార్మికుడు తన నష్టపరిహారం హక్కు వదులుకున్నట్టు రాసుకునే ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. అయినా సంతకం పెడితే రేపు ఆ కాగితం చూపించి ఏడాది సాగదీస్తారు. ఆస్పత్రికి కట్టిన 80 వేలు కూడా నష్టపరిహారంలో కోసుకోవడానికి లేదు, వైద్యం ఖర్చు వేరే లెక్క.

రెండులారీల_ఓనరు

ఓనర్లందర్నీ విలన్లని చెయ్యకండి సార్. నాకూ రెండు బళ్ళున్నాయి, ఈఎంఐలు, టైర్లు, డీజిలు పోను నెలకి మిగిలేది డ్రైవర్ జీతం కంటే తక్కువ. ఇలాంటప్పుడు ఓనరు మొదట భయపడేది మొత్తం నా నెత్తి మీద పడుద్దేమో అని. నేనూ అలాగే భయపడ్డా ఒకసారి. తర్వాత మా ఏజెంట్ చెప్తే తెలిసింది, థర్డ్ పార్టీ పాలసీ ఉంటే డ్రైవర్‌కి ఈ చట్టం కింద ఇవ్వాల్సింది ఇన్సూరెన్సే కడుతుందని. మరి ఆ ఓనరు లక్షన్నర జేబులోంచి ఎందుకు ఇస్తున్నాడు? నా అనుమానం పాలసీ లాప్స్ అయ్యుండాలి, లేదా ఎఫ్‌సి (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయుండాలి, లేదా ఎవరూ చెప్పలేదు. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉందో కనపడుద్ది.

వకాల్తా_సార్

ఓనరు గారు మంచి పాయింట్ చెప్పారు, దానికి ఇంకోటి కలుపుతా. యాక్సిడెంటైన నెలలోపు డబ్బు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ కూడా వెయ్యొచ్చు. వడ్డీ ఇన్సూరెన్స్ కడుతుంది, పెనాల్టీ మాత్రం ఓనరు సొంత జేబులోంచే, ఇది 1997లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ ముక్క మీ ఓనరుకి మర్యాదగా చెప్పి చూడండి, స్టాంపు పేపర్ ఆయనే చించేస్తాడు.

ఒంగోలు_తమ్ముడు

సార్ చాలా థ్యాంక్స్. యాప్‌లో చూశా, ఇన్సూరెన్స్ మార్చి దాకా ఉంది. హెవీ లైసెన్స్ కూడా 2028 దాకా ఉంది. కానీ జీతానికి కాగితం ఏం లేదండీ, నెలకి 14 వేలు, రోజుకి బత్తా విడిగా, అన్నీ చేతికే ఇచ్చేవాడు. అప్పుడప్పుడు ఫోన్‌పే.

వకాల్తా_సార్

ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు చాలు మొదలుపెట్టడానికి, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తియ్యండి. బిల్టీలో (సరుకు రవాణా రసీదు), టోల్ దగ్గర, ఎఫ్ఐఆర్‌లో ఎక్కడైనా డ్రైవర్‌గా మీ అన్నయ్య పేరుంటే పని చేశాడనడానికి రుజువు. ఏం లేకపోతే ప్రభుత్వం ఇచ్చే కనీస వేతనాల జీవో చూస్తారు. బత్తా జీతం కాదు ఖర్చు అని ఇన్సూరెన్స్ లాయరు తప్పకుండా అంటాడు, 15,000 గీత చేరడానికి మీ 14 వేలకి ఓ వెయ్యి కలిస్తే చాలు కాబట్టి దాని మీద పెద్ద యుద్ధం అక్కర్లేదు. ముందు ఓనరుకి యాక్సిడెంట్ సంగతి రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. డబ్బుల్లేవని ఆగొద్దు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వికలాంగులకి లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఫోన్ 15100.

స్టీరింగ్_బాబాయ్

తమ్ముడూ ఇంకో రెండు పనులు, కేసు తేలే లోపు ఇల్లు గడవాలి కదా. వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చెయ్యి, ఆ సర్టిఫికెట్ ఉంటే వికలాంగుల పింఛను, మన ఆంధ్రాలో నెలకి 6 వేలు. రెండోది అన్న బ్యాంకు పాస్‌బుక్ తిరగెయ్యి, ఏడాదికోసారి 20 రూపాయలు కట్ అయిందేమో. అయితే అది ప్రధానమంత్రి సురక్ష బీమా, ఒక కాలు పోతే లక్ష. మా వాడొకడికి ఆ 20 రూపాయలు కట్ అవుతున్నట్టే తెలీదు, బ్యాంకు మేనేజర్‌ని తిట్టేవాడు.

హైవే_రాజా

సారీ బ్రో, నాకు తెలీక అన్నా. మా మావయ్యకి ఇలాగే పోయింది 2019లో, 60 వేలకి సంతకం పెట్టేశారు ఇంట్లో.

ఒంగోలు_తమ్ముడు

అప్‌డేట్ పెడుతున్నా. పాస్‌బుక్‌లో 20 రూపాయలు ఉంది బాబాయ్! మే నెలలో కట్ అయింది. ఓనరు దగ్గరికి నిన్న నేనూ వదినా వెళ్ళాం, పెనాల్టీ సంగతి చెప్పగానే కాసేపు మాట్లాడలా, తర్వాత ఇన్సూరెన్స్ ఆఫీసుకి లెటర్ తనే పెడతానన్నాడు. డ్రైవర్‌గా నా దగ్గరే చేశాడని రాసిస్తావా అంటే రేపు రమ్మన్నాడు, ఆ రేపు ఎప్పుడొస్తుందో చూడాలి. లేబర్ ఆఫీసుకి సోమవారం వెళ్తున్నాం. ఒక్క డౌట్, మరాఠీ ఎఫ్ఐఆర్‌ని తెలుగులోకి గానీ ఇంగ్లీష్‌లోకి గానీ రాసిచ్చే వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఇక్కడ ఎవరికీ రాదు.

స్టీరింగ్_బాబాయ్

ఆదిలాబాద్ వాళ్ళని అడుగు, అక్కడ సగం మందికి మరాఠీ వచ్చు. కోర్టు దగ్గర టైపు చేసేవాళ్ళలో కూడా ఉంటారు. నా పాత దోస్తు ఒకడున్నాడు, నంబరు మెసేజ్ చేస్తా, ఎఫ్ఐఆర్‌తో పాటు పంచనామా కాపీ కూడా పంపు, కంటైనర్‌కి లైట్లు ఉన్నాయో లేవో అందులో రాసుంటారు.