బాపు మాట తగ్గింది, రక్తంల బి12 విటమిన్ తక్కువని తేలింది – మీ ఇండ్లల్ల ఎవరికన్న ఇట్లయిందా?

సిద్దిపేట_బిడ్డ:
బాపు నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి పెడ్తడు. పోయిన దసరా నుంచి మాట తగ్గింది. పొద్దున లేస్తే అరుగు మీద కూసునుడే, చేను దిక్కు పోడు, రాత్రి నిద్ర లేదు. అప్పుల రంది అనుకున్నం. అప్పున్న మాట నిజమే. కానీ అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలుస్తలేదంటే దవాఖానకు తీసుకపోయినం. బి12 118 వచ్చింది. 200 కన్నా తక్కువుంటే లోపమని ఆ కాగితం మీదనే ఉన్నది.

బాపు తులసిమాల వేసుకొని ఏడేండ్లాయె, గుడ్డు సుత ముట్టడు. బర్రె ఉన్నన్ని రోజులు పెరుగు, సల్ల ఉండె. మూడేండ్ల కింద దాన్ని అమ్మినం. బి12 ఆకుకూరల్ల, పప్పుల్ల ఉండదట, పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే రావాలె. కాలేయంల నిల్వ ఉంటది కాబట్టి లోపం బయటపడేసరికి ఏండ్లు పడ్తదని డాక్టరు చెప్పిండు. సూదులు మొదలుపెట్టినం. ఐదో సూదికి బాపు "చేనుకు మందు కొట్టిండ్రా?" అని అడిగిండు. అమ్మ లోపలికి పోయి ఏడ్చింది.

ఆశక్క_అనంతపురం:
అక్కా, చదువుతాంటే మా ఊరి ఆడోళ్లే కళ్ల ముందర కనపడినారు. నేను ఆశా కార్యకర్తని. "ఏ పనీ చేయబుద్ధి కాదు, ఊరికే గుండె దడ" అనేవాళ్లకి రక్తం (హిమోగ్లోబిన్) చూస్తే 7, 8 ఉంటాది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు ఇస్తాం. కడుపులో తిప్పుతాదని మింగినాక టీ తాగుతారు. ఆ టీయే ఇనుమును వంటికి ఎక్కనీయదు. అందుకే నేను "మాత్ర వేసుకున్యావా" అని కాదు, "టీ ఎప్పుడు తాగితివి" అని అడుగుతా. గంటన్నా ఎడం పెట్టి, నిమ్మకాయ నీళ్లతో మింగమంటా.

చెనిక్కాయ కూలికి పోయేవాళ్లు టీ ఒక్కటి తాగి మధ్యాహ్నం దాకా ఒంగి పని చేస్తారు. ఇంట్లో అందరికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తింటారు. ముందు ఆ గిన్నె సంగతి చూడాల.

జహీరాబాద్_చెల్క:
మా అవ్వ కలుపుకు పోతే కొంగు నిండ కూర తెచ్చేది. గంగవాయిలి, తుమ్మి, దొగ్గలి. పైస ఖర్చు లేని ఇనుము, ఫోలేట్ అనే బి విటమిన్. గడ్డిమందు వచ్చినంక అవి కలుపుతోనే పోయినయ్. ఇప్పుడు వారానికి ఒకసారి అంగడిల పాలకూర కొంటున్నం.

పాత_కాంపౌండరు:
నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలమూరు వైపు కొందరు కూలీలు వచ్చేవారు. మెడ చుట్టూ కంటెలాగా నల్లటి మచ్చ, ఎండ తగిలినంత మేర పొరలూడిన చర్మం, విరేచనాలు. తోడొచ్చినవాళ్లు మాత్రం వాటి గురించి చెప్పేవారు కాదు. "నిద్రపోవడం లేదు, ఊరికే ఏడుస్తోంది, ఏదో సోకింది" అనేవారు. అది పెల్లాగ్రా, నియాసిన్ అనే బి విటమిన్ లోపం. అమెరికా, ఐరోపాల్లో మొక్కజొన్నే ఆధారమైన పేదలకు వచ్చింది, మన దక్కనులో జొన్నే ఆధారమైనవాళ్లకు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో హైదరాబాదు నుంచి పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య ప్రతిపాదించారు.

దయచేసి జొన్నను తప్పు పట్టకండి. రొట్టెతో పాటు పప్పో పాలో ఉన్న ఇళ్లలో నేను ఆ జబ్బు చూడలేదు. రొట్టె, కారం తప్ప ఏమీ లేనివాళ్లలోనే చూశాను. నికోటినమైడ్ (నియాసిన్‌లో ఒక రూపం) మాత్రలు పడ్డ రెండు మూడు రోజులకే మనిషి ముఖం తేటపడేది. చర్మం మానడానికి వారాలు పట్టేది. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించి, ఆఖర్న మా దగ్గరికి తెచ్చిన ఒక తల్లిని ఇప్పటికీ మరిచిపోలేను.

తెనాలి_రైతుబిడ్డ:
అందరూ చెప్పింది నిజమే, కానీ మా ఇంట్లో జరిగింది కూడా వినండి. మిరప ధర పడిపోయిన ఏడాది అన్నయ్య "నీరసం" అన్నాడు. మేమూ నీరసమనే విన్నాం. పరీక్షల్లో ఏ లోపమూ లేదు. అయినా మూడు నెలలు బలం టానిక్కులు మార్చాం గానీ, "చనిపోవాలనిపిస్తోందా?" అని ఒక్కరం అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడ్డాం. అలా పుట్టదని మానసిక వైద్యురాలు తర్వాత చెప్పారు. అన్నయ్య ఇప్పుడు లేడు.

రక్తపరీక్ష చేయించండి, దాంతో పాటు నోరు తెరిచి అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

సిద్దిపేట_బిడ్డ:
అన్నా, మీది చదివి రాత్రి బాపును అడిగిన. చానాసేపు మాట్లాడలే. "రెండుసార్లు అనిపించింది బిడ్డా" అన్నడు. పొద్దున ఇద్దరం కలిసి 14416కు చేసినం, శుక్రవారం మానసిక డాక్టరు దగ్గరికి పోతున్నం. సూదులు ఆపుతలేం.

ఆశక్కా, మీరు గిన్నె గురించి రాసినంక అమ్మకు సుత రక్తం చూపించిన. 8.2. రోజు మూడుసార్లు టీ తాగుతది, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే. మాత్రలు తెచ్చిన, చెట్టు నిమ్మకాయలు ఉన్నయ్.