బాంబు వదిలే తీగ ఉన్నా చావాల్సిందేనా? (జపాన్ ఆత్మాహుతి దళాలు, 1944-45)

పాతలెక్కలు: ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యం దింపిన తొలి ఆత్మాహుతి దళాల్లో బాందా దళం ఒకటి. దాని బాంబర్ల ముక్కుకి మూడు పొడవాటి రాడ్లు బిగించారు. రాడ్డు ఓడకి తగిలితే 800 కిలోల బాంబు పేలాలి, అంతే. గాల్లో వదిలే ఏర్పాటే లేదు. దళపతి కెప్టెన్ ఇవామోతో పట్టుబట్టి, చేత్తో లాగితే బాంబు ఊడిపడేలా తీగ పెట్టించాడు. ఆ దళంలోని సాసాకి తోమోజి తొమ్మిదిసార్లు వెళ్లి తొమ్మిదిసార్లూ తిరిగొచ్చాడు. వీరమరణం పొందాడని పైవాళ్లు అప్పటికే ప్రకటించేశారు, అందుకే ఈసారైనా చచ్చి రమ్మని మళ్లీ మళ్లీ పంపారు. తప్పు ఎవరిది?

దక్షిణగాలి: ఒక్క తీగ పట్టుకుని ఎంత దూరం లాగుతారండీ? 1944కి చేయి తిరిగిన పైలట్లు అయిపోయారు. కొత్తవాళ్లకి తర్ఫీదు ఇవ్వడానికి పెట్రోలూ లేదు. అక్టోబర్ 25న జపాన్ నౌకాదళ పైలట్ సెకి యుకియో దళంలోని ఒక్క జీరో యుద్ధవిమానం, 250 కిలోల బాంబుతో, 'సెయింట్ లో' అనే అమెరికా నౌకని ముంచింది. మామూలు దాడితో అయ్యే పనా?

పాతలెక్కలు: 'సెయింట్ లో' కవచం లేని చిన్న విమానవాహక నౌక. లోపలున్న టార్పెడోలు, బాంబులు అంటుకుని మునిగింది. పై నుంచి వదిలిన బాంబు వేగం పుంజుకుంటూ పడుతుంది. విమానానికి రెక్కలున్నాయి, డైవ్‌లో వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకి లేస్తుంది, పైలట్ కర్రని ముందుకి తోస్తూనే ఉండాలి. ఆ దెబ్బ లోతుకి దిగదు. 1945 మే 4న బ్రిటన్ విమానవాహక నౌక ఫార్మిడబుల్ ఉక్కు డెక్ మీద ఆత్మాహుతి విమానం పడితే, కొన్ని గంటల్లోనే మళ్లీ విమానాలు దిగాయి.

గోదారిగట్టు: ఫిజిక్స్ పీరియడ్ అయిందా సార్?

దక్షిణగాలి: పోయినసారీ ఇంతే. నేను ధర్మం అడిగితే మీరు కొలతలు చెప్పి, చివరికి నాకు యుద్ధపిచ్చి అన్నారు. మర్చిపోలేదు. నిలబడి చావమనని సైన్యం ఏది? అభిమన్యుణ్ని పంపింది ధర్మరాజే కదా.

పాతలెక్కలు: వెనకే వస్తామని పంపాడు. సైంధవుడు అడ్డుపడ్డాడు. ఇక్కడ తిరిగొస్తే నేరం.

నీలిమ_వి: ఓకా సంగతి ఎత్తరేం? 1,200 కిలోల మందుగుండున్న రాకెట్ బాంబు, లోపల ఒక మనిషి. 37 కిలోమీటర్లకి మించి పోలేదు, కాబట్టి నిదానంగా వెళ్లే బాంబర్ దాన్ని శత్రువు దగ్గరిదాకా మోయాలి. 1945 మార్చి 21న 18 బాంబర్లు వెళ్తే ఒక్కటీ రాలేదు. మోసినవాళ్లు తిరిగి రావాల్సినవాళ్లు!

దక్షిణగాలి: సూటిగా చెప్పండి, ఆ కుర్రాళ్లకి దండం పెట్టొద్దంటారు, అంతేగా?

పాతలెక్కలు: పెట్టండి, నేనూ పెడతా. ఆ దండం చాటున ఆజ్ఞ ఇచ్చినవాళ్లు జారుకుంటున్నారు. నా గొడవ అదీ.

దక్షిణగాలి: ఎవరు జారుకున్నారు? ఈ దాడులు మొదలుపెట్టించిన నౌకాదళాధికారి ఒనిషి 1945 ఆగస్టు 16న పొట్ట చీల్చుకున్నాడు. ఒకినావా దగ్గర వీటిని నడిపించిన అడ్మిరల్ ఉగాకి స్వయంగా విమానమెక్కాడు.

పాతలెక్కలు: ఎక్కింది ఎప్పుడు? ఆగస్టు 15న, చక్రవర్తి లొంగుబాటు ప్రకటన రేడియోలో విన్నాక. తనతో కలిపి 11 విమానాలు. ఇంజన్ మొరాయించి కొందరు మధ్యలో దిగారు, బతికారు. మిగతావాళ్లు ఏ ఓడని ఆపడానికి పోయారో చెప్పండి.