పెర్హెంటియన్ దీవి నుంచి తమన్ నెగారా అడవికి తక్కువ ఖర్చులో ఎలా వెళ్ళాలి?

ఉప్పల్ కుర్రాడు:
నమస్తే అందరికీ. జూన్‌లో మలేషియా వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ. ముందు పెర్హెంటియన్ కెచిల్ దీవిలో ఉండి, అక్కడి నుంచి తమన్ నెగారా అడవి అంచున ఉండే కువాలా తహాన్ ఊరు చేరాలి. మళ్ళీ కౌలాలంపూర్ దాకా పోయి చుట్టు తిరిగి రావడం ఇష్టం లేదు. రిసార్ట్ వాళ్ళని అడిగితే డైరెక్ట్ వ్యాన్ ఉంది, మనిషికి 120 రింగిట్ అన్నారు. రింగిట్ 20 రూపాయలకు అటూ ఇటూగా ఉంది కాబట్టి ముగ్గురికీ ఏడు వేలు దాటుతుంది. రైలైతే చాలా చవక అంటున్నారు, కానీ ఏ స్టేషన్లో ఎక్కాలో, ఎక్కడ దిగాలో మ్యాప్ చూసినా బుర్రకెక్కలేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ముగ్గురం శాకాహారులం. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

జురాంగ్ బాబాయ్:
ముందు దారి చెప్తా, డబ్బుల సంగతి తర్వాత. దీవి నుంచి స్పీడ్ బోట్‌లో కువాలా బెసుత్ జెట్టీకి రావాలి, ముప్పావు గంట లోపే. అక్కడి నుంచి రెండు దార్లు.

వ్యాన్ అయితే పొద్దున పది ప్రాంతంలో జెట్టీ దగ్గరే ఎక్కించుకుంటుంది. గువా ముసాంగ్, కువాలా లిపిస్ మీదుగా సాయంత్రానికి కువాలా తహాన్‌లో దింపుతుంది. ఏడెనిమిది గంటలు వేసుకోండి.

రైలు అయితే ముందు కోట భారు వెళ్ళాలి, కువాలా బెసుత్ నుంచి 60 కిలోమీటర్ల చిల్లర. కోట భారు ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. నది అవతల వకాఫ్ భారులో ఉంది. అక్కడ ఎక్కి జెరాంతుత్‌లో దిగాలి. జెరాంతుత్ నుంచి కువాలా తహాన్‌కి ఇంకో 70 కిలోమీటర్లు రోడ్డు. ఈ లైనునే జంగిల్ రైల్వే అంటారు, తుంపాత్ నుంచి గెమాస్ దాకా దేశం నడిమధ్య కొండల్లోంచి పోతుంది.

తిరకాసు ఎక్కడంటే, దీవి నుంచి మొదటి బోటు ఎనిమిదింటికి. మీరు వకాఫ్ భారు చేరేసరికి పగటి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. అంటే ఆ రాత్రి కోట భారులో రూము. లేదా రాత్రి రైలు.

గోదారి గట్టు:
బాబాయ్ గారు చెప్పిందే అంకెల్లో చెప్తా. కువాలా బెసుత్ నుంచి కోట భారుకి సిటీ బస్సు, ఆరేడు రింగిట్. అక్కడి నుంచి వకాఫ్ భారుకి గ్రాబ్ కారు (ఓలా లాంటిదే), ముగ్గురికీ కలిపి 15 అనుకోండి. పగటి షటిల్ రైళ్ళు (కొంత దూరమే పోయేవి) మారుకుంటూ జెరాంతుత్ దాకా పోతే మొత్తం కలిపినా 30 లోపే. జెరాంతుత్ నుంచి బస్సు ఓ 10. అంటే మనిషికి 50 చిల్లర. కోట భారులో రూముకి 80 ఇచ్చినా ముగ్గురికి పంచితే మనిషికి 27. మొత్తం 80 దగ్గర తేలుతుంది. వ్యాన్ 120. మిగిలేది మనిషికి 40, ముగ్గురికీ రెండున్నర వేల రూపాయలు.

ఆ రెండున్నర వేలకి మీ సెలవుల్లో ఒక రోజు పోతుంది, మూడు నాలుగు సార్లు సామాను ఎక్కించి దించాలి. నేనైతే అమ్మతో కాబట్టి వ్యాన్ అంటాను. ఒక్కడే వెళ్ళేవాడికి లెక్క వేరు. రాత్రి రైలెక్కితే రూము ఖర్చు కూడా ఉండదు.

సంచి సర్దేశా:
రైలుని డబ్బుల కోసమే ఎక్కాలా ఏంటి 🙂 మేం పగటి రైల్లో పోయాం. కువాలా క్రాయ్ దాటాక మొదలవుతుంది అసలు మజా. రబ్బరు తోటలు పోయి ఒక్కసారిగా సున్నపురాతి కొండలు, నిలువుగా గోడల్లా లేచి ఉంటాయి, వాటి నెత్తిన చెట్లు. డబాంగ్ దగ్గర స్తోంగ్ కొండ, దాని మీంచి జెలవాంగ్ జలపాతం. రైల్లో టూరిస్టులు మేమే. మిగతా అందరూ ఊళ్ళవాళ్ళు. సంతకి పోయొచ్చే ఆడవాళ్ళు, బడిపిల్లలు. ఒకావిడ మా పక్కన రంబుటాన్ పళ్ళ మోపు పెట్టుకుని కూర్చుని, కాయ ఒలిచి చేతిలో పెట్టేదాకా ఊరుకోలేదు. కానీ పాత రైళ్ళలాగా కిటికీ తెరుచుకుని గాలి పీలుస్తాం అనుకోకండి. ఇప్పుడవి ఏసీ డీజిల్ బోగీలు, అద్దాలు బిగించే ఉంటాయి. చలేస్తుంది, అమ్మగారికి శాలువా పెట్టుకోండి.

రైళ్ళు మారాల్సింది గువా ముసాంగ్‌లో, కువాలా లిపిస్‌లో. టైమింగులు తరచూ మారుతుంటాయి. మలేషియా రైల్వే వాళ్ళ కేటీఎంబీ యాప్‌లో చూసుకున్నాకే దీవి టికెట్లు కొనండి.

క్లాంగ్ తెలుగోడు:
రాత్రి రైలు గురించి రెండు ముక్కలు. తుంపాత్ నుంచి దక్షిణానికి పోయే ఎక్స్‌ప్రెస్ రాత్రి పూట వకాఫ్ భారులో ఆగుతుంది. బెర్తులు ఉంటాయి గానీ త్వరగా అయిపోతాయి, ముఖ్యంగా గురువారం రాత్రి. కోట భారు ఉన్న కెలంతాన్, మీ దీవి ఉన్న తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మన ఆదివారం అక్కడ పనిదినం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ సగం కొట్లు మూసేస్తారు. ఇది గుర్తుంచుకుని రోజు ఎంచుకోండి.

అసలు ఇబ్బంది ఏంటంటే ఆ రైలు జెరాంతుత్‌కి ఇంకా చీకటిగా ఉండగానే చేరుతుంది. కువాలా తహాన్ బస్సు వచ్చేదాకా స్టేషన్లో కూర్చోవడమే. బస్సులు రోజుకి కొన్నే, సాయంత్రం పొద్దుపోయాక ఉండవు. టాక్సీ అయితే కారుకి 80 నుంచి 100 అడుగుతారు. ముగ్గురున్నప్పుడు అదేం దండగ కాదు.

ఈ లైను మీద పోయేటప్పుడు నాకెప్పుడూ ఒకటి గుర్తొస్తుంది. 1931లో పూర్తయిన ఈ పట్టాలని యుద్ధం టైంలో జపాన్ వాళ్ళు కొంత మేర పీకి, థాయ్‌లాండ్ నుంచి బర్మాకి వాళ్ళు వేయిస్తున్న సయాం-బర్మా రైలు మార్గానికి తీసుకుపోయారు. ఇక్కడి తోటల్లో పనిచేసే తమిళులతో పాటు మన తెలుగు కూలీలని కూడా ఆ పనికే పట్టుకుపోయారు. తిరిగి రానివాళ్ళు చాలామంది. యుద్ధం అయ్యాక పట్టాలు మళ్ళీ వేశారు. 2014 డిసెంబరు వరదల్లో కెముబు దగ్గర నెంగిరి నది మీద వంతెన కొట్టుకుపోతే, కొత్తది కట్టి 2018లో తెరిచారు. ఆ వంతెన దాటేటప్పుడు ఒకసారి కిందకి చూడండి.

ఉప్పల్ కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. క్లాంగ్ అన్నా, ఆ సంగతి నాకు అస్సలు తెలీదు. అమ్మతో కాబట్టి వ్యాన్ వైపే మొగ్గు. వ్యాన్‌లో ఏమైనా తలనొప్పులు ఉంటాయా? ఇంకోటి, జెరాంతుత్ నుంచి నది మీద పడవలో కూడా పోవచ్చని చదివాను.

వైజాగ్ తీరం:
వ్యాన్ తలనొప్పి నేను చెప్తా 😀 మేం బుక్ చేసిన ఏజెంటు పేరెందుకు గానీ, టికెట్ మీద కువాలా తహాన్ అని స్పష్టంగా ఉంది. గువా ముసాంగ్‌లో భోజనానికి ఆపారు. అక్కడ కామెరాన్ హైలాండ్స్ పోయేవాళ్ళని వేరే వ్యాన్‌లోకి మార్చారు, అది మామూలే. జెరాంతుత్ చేరాక మాత్రం మమ్మల్ని ఓ ఆఫీసులో కూర్చోబెట్టి, గోడకున్న పెద్ద మ్యాప్ చూపిస్తూ రాత్రి సఫారీ, ఆదివాసీల ఊరు, రాపిడ్స్ అంటూ ప్యాకేజీలు అమ్మడం మొదలెట్టారు. ఇక్కడ కొనకపోతే అక్కడ దొరకవు అన్నారు. అంతా ఉత్తిదే. కువాలా తహాన్‌లో అడుగుపెడితే ప్రతి గెస్ట్ హౌస్ వాడూ అవే అమ్ముతాడు, బేరం కూడా ఆడుకోవచ్చు. నవ్వుతూ వద్దని చెప్పి కూర్చోండి, వ్యాన్ ఎలాగూ బయల్దేరుతుంది.

టికెట్ దీవిలో కొనే ముందు కువాలా బెసుత్ జెట్టీ దగ్గరి ఏజెన్సీల రేటు కూడా ఫోన్ చేసి కనుక్కోండి. అవే వ్యాన్లు, మధ్యలో కమీషనే తేడా. కాకపోతే ముందు రోజుకల్లా సీట్లు ఖాయం చేసుకోవాలి. పొద్దున దిగి వెతుక్కుందాం అంటే సీజన్లో కష్టం.

జురాంగ్ బాబాయ్:
పడవ సంగతి. జెరాంతుత్‌కి 16 కిలోమీటర్ల దూరంలో కువాలా తెంబెలింగ్ జెట్టీ. అక్కడి నుంచి తెంబెలింగ్ నదికి ఎదురెక్కుతూ దాదాపు 60 కిలోమీటర్లు, మూడు గంటలు. సన్నటి పొడవాటి చెక్క పడవ. అందమైన ప్రయాణమే. కానీ కూర్చునేది దాదాపు పడవ అడుగున, కాళ్ళు చాపుకుని. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మూడు గంటలు అలా అంటే శిక్ష. పైగా జనం సరిపడా రాకపోతే పడవ కదలదు. డబ్బులు మిగలాలంటే రోడ్డే.

సంచి సర్దేశా:
బాబాయ్‌తో సగం ఒప్పుకుంటా 🙂 అమ్మగారికి వద్దు, నిజమే. కానీ అడవికి పోయి నది మీద వెళ్ళకపోతే ఎలా? కువాలా తహాన్ చేరాక చిన్న పడవ షికారు చేయండి, చాలు. ఊరికీ పార్కుకీ మధ్య నది ఉంది. ఇవతల ఊరు, తేలే హోటళ్ళు. అవతల పార్కు ఆఫీసు. దాటించడానికి పడవవాడు మా దగ్గర మనిషికి 1 రింగిట్ తీసుకున్నాడు. పార్కు పర్మిట్ మేం వెళ్ళినప్పుడు మనిషికి 1, కెమెరాకి 5. అడవిలో ఇంత చవక ఇంకెక్కడా చూడలేదు.

అమ్మగారికి ఒక మాట ముందే చెప్పండి. నది ఒడ్డు నుంచి రోడ్డు మీదకి ఏటవాలు మెట్లుంటాయి. తేలే హోటల్‌కి దిగి భోంచేసి మళ్ళీ ఎక్కాలి. రూము పైనున్న వీధిలో, పక్కనే తిండి దొరికేలా తీసుకోండి.

గోదారి గట్టు:
శాకాహారం గురించి ఎవరూ చెప్పలేదు. తూర్పు తీరంలో ఇదే పెద్ద పరీక్ష. ఆకుకూర వేపుడు అడిగినా అందులో బెలాచాన్ పడుతుంది, అది ఎండు రొయ్యల ముద్ద. నీలం రంగు అన్నం నాసి కెరాబు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ చేప లేకుండా ఉండదు. మనల్ని కాపాడేది పరోటా లాంటి రోటీ చనాయ్, దాంతో ఇచ్చే పప్పు. అది కూడా చేప పులుసు కలిపిన గిన్నె కాదు కదా అని అడగాలి. ఊరగాయ, పులిహోర ముద్ద, ఓ చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే అమ్మగారికి టెన్షన్ ఉండదు. వ్యాన్ ఆగే గువా ముసాంగ్ హోటల్లో మీకు తినడానికి ఏమీ దొరక్కపోవచ్చు. కువాలా బెసుత్‌లోనే బ్రెడ్డో అరటిపళ్ళో కొనుక్కోండి.

క్లాంగ్ తెలుగోడు:
బోటు గురించి కూడా. స్పీడ్ బోట్ ముందు భాగంలో కూర్చోవద్దు. అల మీద లేచి దబ్బున పడుతుంది, నడుం పోతుంది. కుర్రాళ్ళు సరదాకి ముందుకి ఎగబడతారు, మీరు అమ్మని వెనకాల ఇంజిన్ దగ్గర కూర్చోబెట్టండి. సామాను మీద పెద్ద చెత్త సంచి తొడిగేయండి, నీళ్ళు పడతాయి. రానూపోనూ టికెట్ తీసుకున్నారంటే వెనక్కి వచ్చే టైం ముందు రోజు సాయంత్రమే రిసార్ట్‌లో చెప్పాలి. మొదటి బోటు అని గట్టిగా చెప్పండి. అది తప్పితే వ్యాన్ తప్పినట్టే.

దీవిలో ఏటీఎం మీద నమ్మకం పెట్టుకోకండి. నగదు ముందే తెచ్చుకోండి. కువాలా తహాన్‌లో కూడా చాలాచోట్ల నగదే.

ఉప్పల్ కుర్రాడు:
వ్యాన్ ఖాయం చేసేశాం. జెట్టీ దగ్గరి ఏజెన్సీ 100కి ఒప్పుకుంది! మొదటి బోటు, వెనక సీటు, చెత్త సంచి, అన్నీ రాసుకున్నా. జలగల గురించి భయంగా ఉంది, అది వేరే చర్చలో అడుగుతా 😅

చిత్తూరు చిలక:
నాది తిరగేసిన ప్రశ్న. ఒక్కదాన్నే వెళ్తున్నా. ముందు తమన్ నెగారా, తర్వాత పెర్హెంటియన్, అక్టోబరు చివర్లో. అదే వ్యాన్ ఎక్కితే అదే రోజు దీవి చేరతానా?

జురాంగ్ బాబాయ్:
కష్టం అమ్మా. పొద్దున కువాలా తహాన్‌లో బయల్దేరే వ్యాన్ కువాలా బెసుత్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఆఖరి బోటు వెళ్ళిపోయి ఉంటుంది. ప్రైవేటు బోటు మాట్లాడతామంటారు, ఒక్కరికి ఆ డబ్బుతో రెండు రాత్రులు గడిచిపోతాయి. చీకటి పడ్డాక సముద్రం మీద వద్దు కూడా.

ఇంకో పెద్ద సంగతి అక్టోబరు చివర. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాలు. అప్పుడు రిసార్టులు మూసేస్తారు, బోట్లు ఆగిపోతాయి. అక్టోబరు ఆఖరికే కొందరు సర్దేసుకుంటారు. మీ రిసార్ట్ ఏ తేదీ దాకా తెరిచి ఉంటుందో రాతపూర్వకంగా అడగండి.

క్లాంగ్ తెలుగోడు:
మీరు ఒక్కరే కాబట్టి, పగటిపూట జెరాంతుత్‌లో ఎక్కే షటిళ్ళు కుదిరితే రైల్లో కోట భారు వెళ్ళి అక్కడ పడుకోండి. ఆడవాళ్ళు ఒంటరిగా ఉండటానికి కువాలా బెసుత్ కంటే అక్కడ రూములు ఎక్కువ, రాత్రి సంత కూడా ఉంటుంది. పొద్దున్నే బస్సో టాక్సీనో ఎక్కి మధ్యాహ్నం బోటు అందుకోవచ్చు. వ్యాన్‌లోనే పోతానంటే కువాలా బెసుత్ జెట్టీకి నడిచిపోయేంత దూరంలో గెస్ట్ హౌస్‌లు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి. నగదు తీయాలంటే పక్క ఊరు జెర్తెలో బ్యాంకులున్నాయి, వ్యాన్ డ్రైవర్‌ని అడిగితే అక్కడ ఓ ఐదు నిమిషాలు ఆపుతాడు.